కోటమ్మ టీ కవర్లు మానేసిన సంగతి

బొల్లాపల్లి సెంటర్లో కోటమ్మ టీ కొట్టు తెల్లవారకముందే తెరుచుకుంటుంది. మిరపకాయల కోతలప్పుడైతే ఇంకా ముందే. కోతకు పోయే ఆడవాళ్లంతా ఆటోలెక్కేది అక్కడే. కొట్టు దగ్గర ఒక టీ తాగి, పొలంలో తాగడానికి కవర్లలో కట్టించుకుని పోతారు. మరిగే టీని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి, మూతి మెలిపెట్టి, రబ్బరుతో బిగిస్తుంది కోటమ్మ. ఒక్క చుక్క ఒలకదు.

ఎదురుగా ఖాతూన్ బీ గాజుల కొట్టు. బడి మానేసినప్పటి నుంచి అందులో ఓ మూల మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతున్నాను. తలెత్తితే కనపడేది కోటమ్మే.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. పంచదార తక్కువ వేయమని ఎవరన్నా మెల్లగా చెబితే, "ఏంది, షుగరొచ్చిందా?" అని అందరి ముందూ అడుగుతుంది. అత్త నడిపిన కొట్టు, భర్త పోయాక ఈమె చేతికొచ్చింది. దాని మీదే కూతురు సింధును నరసరావుపేటలో నర్సింగు చదివిస్తోంది.

ఆమెకు బాగా కావలసిన మనిషి గ్రేసమ్మ. చర్చి వీధిలో ఉంటుంది. మిరపకాయలు కోసే ఆడవాళ్ల ముఠాకు ఆమే మేస్త్రి. పొద్దున్నే ఈ ఇద్దరూ నాలుగు మాటలు అనుకోకపోతే సెంటరుకు తెల్లవారినట్టుండదు.

పోయిన కోతల కాలంలో సింధు సెలవుకి వచ్చింది. దారం కట్టిన చిన్న టీ సంచి ఒకటి తల్లికి చూపించింది.

"ఏందే ఇది, తాయెత్తులాగుంది?"

"టీ పొడే అమ్మా. వేడినీళ్లలో ముంచుతారు. తాగమాక, చూపిద్దామని తెచ్చా. ఈ జాలీ నైలాన్‌ది. మరిగే నీళ్లు తగిలితే కంటికి కనపడని ప్లాస్టిక్ రవ్వలు నీళ్లలోకి దిగుతాయని మా మేడమ్ చెప్పింది."

కోటమ్మ నవ్వబోయి ఆగింది. కట్టి పెట్టిన కవర్ల వంక చూసింది. "మరి మన కవర్లో?"

"అదీ అంతే. కాయితం కప్పు లోపల కూడా ప్లాస్టిక్ పూత ఉంటుంది."

"లోపలికి పోతే ఏమైద్ది?"

"ఇంకా తేలలేదంట. మనుషుల రక్తంలో దొరికినయ్యి, కడుపుతో ఉన్నోళ్ల మాయలో కూడా దొరికినయ్యి. ఫలానా జబ్బొస్తదని మాత్రం ఎవరూ ఖాయంగా చెప్పలా. మానుకుంటే మంచిదే."

గ్రేసమ్మ కోడలు నిస్సీకి అప్పుడు ఆరో నెల. కోతకు వస్తూనే ఉంది, కవరు టీ తాగుతూనే ఉంది. కోటమ్మ ఎవరికీ చెప్పకుండా వినుకొండ పోయి, పొలానికి టీ పట్టుకుపోను ఒక స్టీలు క్యాను, ముఠాకు సరిపడా స్టీలు గ్లాసులు కొనుక్కొచ్చింది. ముందు వీళ్లకు మార్చి, మిగతావాళ్ల సంగతి తర్వాత చూద్దామనుకుంది.

మర్నాడు ఆ గ్లాసులు ఓ బుట్టలో వేరుగా పెట్టి పిలిచింది. "గ్రేసమ్మా, ఇయ్యి మీ గ్లాసులు. వీటిని ఇంకెవర్నీ ముట్టుకోనియ్యను!"

అలా అనడం ఆమెకు గొప్పగానే అనిపించింది. గ్రేసమ్మ మొహం మాత్రం మారిపోయింది. బుట్టను చూసింది. బెంచీ మీద కాయితం కప్పులో టీ తాగుతున్న నాగేశ్వరరావును చూసింది. ఆయన మిరప రైతు, పంచాయతీ ఎన్నికలప్పుడు ఆ బెంచీ మీద మాటంతా ఆయనదే.

"మా గ్లాసులా, అక్కా?" అంది మెల్లగా. ముఠాను తీసుకుని రోడ్డవతల ఏసుబాబు కొట్టుకు వెళ్లిపోయింది.

"ఏం రోగమొచ్చిందే దీనికి?" అని కోటమ్మ అరుస్తుంటే ఖాతూన్ బీ రోడ్డు దాటింది. మా ఇద్దరి టీలకు నేనూ వెంట పోయాను.

"ఏమే కోటమ్మా, మీ అత్త చూర్లో దోపిన గ్లాసులు మర్చిపోయావా? చర్చి వీధోళ్లు వాళ్లే తీసుకుని, తాగి, వాళ్లే కడిగి మళ్లా అక్కడ పెట్టేవాళ్లు. కాయితం కప్పులొచ్చాకే కదా అందరికీ ఒకటే అయింది. నువ్వు మళ్లా బుట్ట పెట్టావు."

కోటమ్మ పొయ్యి పక్కన కూలబడింది. టీ పొంగి మంటలో పడుతున్నా లేవలేదు.

ఆ వారంలోనే ఇంకొన్ని గ్లాసులు తెచ్చింది. కప్పులు, కవర్లు తీసేసింది. బుట్టలోవి, కొత్తవి అన్నీ ఒకే తొట్టిలో కలిపేసింది.

"కోటమ్మా, కాయితం కప్పు ఇయ్యి," అన్నాడు నాగేశ్వరరావు.

"లేవన్నా."

"ఈ గ్లాసులో ఎవరు తాగారో ఏమో."

"నువ్వు తాగినదాంట్లో రేపు వాళ్లూ తాగాలిగా. వాళ్లేమీ అడగట్లా."

ఆయన లేచి ఏసుబాబు కొట్టుకే పోయాడు. అక్కడ ఆయనా, గ్రేసమ్మ ముఠా పక్కపక్కనే కప్పులు పట్టుకుని నిలబడితే ఖాతూన్ బీ పడీ పడీ నవ్వింది. కోటమ్మకు నవ్వు రాలేదు. బేరం సగానికి పడింది. అంతకంటే పెద్ద లోటు, పొద్దున్నే తిట్టడానికి మనిషి లేదు.

ఒకరోజు ఏసుబాబు నిస్సీ చేతికి కవరు ఇస్తుంటే ఆగలేకపోయింది. రోడ్డుకి ఇవతల నుంచే కేక పెట్టింది. "ఒసేయ్ గ్రేసమ్మా! నామీద కోపముంటే వచ్చి నన్ను తిట్టు. కడుపుతో ఉన్న పిల్లకి ఆ కవర్లో టీ తాగనియ్యబాక!"

సెంటరంతా తిరిగి చూసింది. మర్నాడు గ్రేసమ్మ ఒక్కతే వచ్చింది.

"ఏందక్కా, రోడ్డు మీద నా పరువు తీశావు?"

"మరి నువ్వు తీయలా నాది?"

"మీ గ్లాసులని నోటికెట్టా వచ్చింది?"

"బుద్ధి లేక వచ్చింది. కవర్లో ప్లాస్టిక్ టీలోకి దిగుద్దని సింధు చెబితే నిస్సీ గురించే అనుకున్నా. ఇంకేదీ తట్టలా."

"నీకు తట్టదు. మాకు తడుద్ది."

కోటమ్మ తొట్టిలోంచి చేతికందిన గ్లాసు తీసి టీ పోసింది. గ్రేసమ్మ బెంచీ మీద కూర్చుని నిదానంగా తాగింది. ఎంగిలి గ్లాసు బెంచీ మీదే వదిలి లేచింది. కోటమ్మ దాన్ని తీసుకుపోయి కడిగి తొట్టిలో వేసింది.

"క్యాను ఎవరు మోస్తారు? కవరైతే ఆటో కమ్మీకి తగిలిస్తే పోద్ది," అంది గ్రేసమ్మ, పొయ్యి పక్కనున్న స్టీలు క్యాను వంక చూసి.

"నీ ముఠాలో మోసేవాళ్లే లేరా? నిస్సీని మాత్రం మోయనియ్యబాక."

"అది నువ్వు నాకు చెప్పాలా? సాయంత్రం కడక్కుండానే తెచ్చి పడేస్తా."

"తేవే, ఎవరొద్దన్నారు," అంది కోటమ్మ, క్యాను నింపుతూ.