పదకొండో సెల్

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఏడిపించడం నాకు మొదటినుంచీ సరదా. జయపురంలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. ఒక బ్యాటరీ ఎంతసేపు నడుస్తుందో, ఎక్కడ చతికిలబడుతుందో సమీకరణాలు రాసి కంప్యూటర్లో ముందే నడిపి చూడడం నా పని. కారణం లేకుండా ఏదీ జరగదని నమ్మినదాన్ని. ఇప్పటికీ నమ్మాలనే ఉంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది రాయగడలో ఉన్న మా పిన్ని. ఊపిరితిత్తులు పాడై, రెండేళ్ళుగా ఆక్సిజన్ యంత్రం మీద బతుకుతోంది. బాబాయి బియ్యం కొట్టుకి వెళ్ళాక పగలంతా ఒక్కర్తే. కరెంటు పోతే ఆయన కొట్టు వదిలేసి పరుగున వచ్చి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు.

ఆ తిప్పలు తప్పించాలని, పాత ఈ-ఆటోల బ్యాటరీల్లోంచి బాగున్న సెల్స్ పదహారు ఏరించి యంత్రానికి ఒక ప్యాక్ కట్టించాను. కట్టినవాడు శీను. పిన్ని వీధిలోనే ఇన్వర్టర్ల షాపు. చిన్నప్పుడు సగం పూటలు మా ఇంట్లోనే తిని, నాతో దెబ్బలాడి పెరిగినవాడు. ఒక్కో సెల్‌నీ నిండా చార్జి చేసి, నెమ్మదిగా ఖాళీ చేసి కొలతలు రాయాలి. సెల్‌కి ఒక రోజు. రోజూ సాయంత్రం వాడు ఫోన్లో అంకెలు పంపితే నేను కంప్యూటర్లోకి ఎక్కించేదాన్ని.

పదహారూ వచ్చాక నడిపి చూశాను. మూడు గంటలు రావాలి. నలభయ్యో నిమిషానికి తెర మీద పదకొండో సెల్ చార్జి చూపే గీత గోతిలో పడ్డట్టు పడిపోయింది. ఒక్క సెల్ పడిపోతే చాలు, ప్యాక్ మొత్తం ఆగిపోతుంది.

నా తప్పే అనుకున్నాను. ఎందుకంటే పదకొండోదాని అంకెలు ఇంచుమించు పదోదాని అంకెలే. పదోది హాయిగా నడుస్తోంది. రెండిటి అంకెలూ తారుమారు చేశాను. అయినా పదకొండోదే పడింది. ప్రోగ్రాం అంతా మళ్ళీ మొదటినుంచి రాసి, ఇంకో కంప్యూటర్లో నడిపాను. అదే సెల్, అదే నిమిషం.

శీనుకి ఫోన్ చేసి ఆ ఒక్కదాన్నీ మళ్ళీ చూడమన్నాను. నొచ్చుకున్నాడు. ప్యాక్ కట్టాక గంటసేపు నడిపి కూడా చూశానన్నాడు.

"నా మీద నమ్మకం లేదేటక్కా? పిన్ని కోసం సేసిన పని. పదారూ నా సేత్తో సూసేను."

సిగ్గేసింది. కంప్యూటర్లో గీతని పట్టుకుని ఇంటి మనిషిని అనుమానించానేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. కరెంటు పోయినా మూడు గంటల దాకా కంగారు లేదని, కొట్టు వదిలి రానక్కర్లేదని బాబాయికి చెప్పాను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం జడివానకి కరెంటు పోయింది. నా మాట మీద బాబాయి కొట్టులోనే ఉండిపోయాడు. నలభై నిమిషాలకి యంత్రం ఆగింది. మజ్జిగ కోసం వచ్చిన పక్కింటావిడ చూడబట్టి పిన్ని దక్కింది. అప్పటికే పెదాలు నీలం తిరిగాయట.

మర్నాడు ప్యాక్ విప్పించాను. పదకొండో సెల్ ఉబ్బిపోయి ఉంది. శీను తలెత్తలేదు. వాడు నడిపి చూసింది పది నిమిషాలేనట.

"అదొక్కటే సూడలేదక్కా. గుణుపురంలో పెళ్ళికెల్లాల, రోజు సాల్లేదు. పదోదాని లెక్కలే కాస్త అటూ ఇటూ మార్సి పంపీసేను."

ఎవరో బయటివాడు చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఆవిడ చేతి ముద్దలు తిన్నవాడు, ఒక్క రోజు మిగుల్చుకోవడానికి ఆవిడ ఊపిరితో ఆడాడు. వాడితో మళ్ళీ మాట్లాడలేదు.

కానీ నాకు అంతుబట్టనిది ఇది. నా దగ్గరికి వచ్చినవి మంచి సెల్ అంకెలు. ఆ సెల్ ఉబ్బిందని జయపురంలో ఉన్న నా కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? చెడ్డ సెల్ తీసేయించాక, అవే దొంగ అంకెలతో, అదే ఫైలు మళ్ళీ నడిపాను. మూడు గంటలూ గీత ఎక్కడా పడిపోలేదు. ఎన్నిసార్లు నడిపినా అంతే. తోటి లెక్చరర్లు అక్షరం అక్షరం వెతికారు, ఏ తప్పూ దొరకలేదు.

ఈ సంగతి పిన్నికి చెప్పలేదు. ఆసుపత్రిలో ఆవిడకి మళ్ళీ మాట పెగిలిన రోజున నా చెయ్యి పట్టుకుని ఆవిడ అడిగింది ఒక్కటే.

"అది ఆగిపోద్దని నీకు ముందే తెలుసేటి అమ్మీ?"

తెలీదన్నాను. నేను శీను మాట నమ్మినట్టే, ఆవిడ నా మాట నమ్మేసింది.