పెత్రమాసకు బీరకాయ

మా పెరట్లో బర్రెను కట్టేయాలని మా అత్తమ్మ, కూరగాయలు పెట్టాలని నేను. బోధన్ చుట్టూ ఎటు చూసినా చెరుకే. కూరగాయలు మాత్రం ఎక్కడినుంచో బస్సు టాపు మీద ఎక్కి, అంగడికి చేరేసరికి వాడిపోయి ఉండేవి. నిన్నటి సరుకు మీద నీళ్లు చల్లి ఇవాళ్టిదని అమ్ముతున్నారని నాకు ఎప్పుడూ అనుమానమే. నాకు అనుమానం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. కళ్లు తెరుచుకుని బతికేవాళ్లను అలాగే అంటారు.

చివరికి అత్తమ్మ ఒక షరతు మీద దిగివచ్చింది. భాద్రపద అమావాస్యను మేం పెత్రమాస అంటాం. ఆ రోజు పోయిన పెద్దల పేర అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం.

"ఈసారి మీ మామ పేరు మీద ఇచ్చే బియ్యంల మన పెరటి కూరగాయ ఒక్కటన్న ఉండాలె. లేకుంటే బర్రెను తెస్త," అంది.

నేను పెరడంతా ముగ్గుతో గీతలు గీశాను. ఇక్కడ వంగ, అక్కడ బెండ, బావి పక్కన టమాట. చెరుకు తోటల్లో కాలువ నీళ్లు పారే లోతు సాళ్లను చూస్తూ పెరిగినదాన్ని కదా, నా మళ్లనూ అలాగే లోతుగా తవ్వించాను. చుక్క నీరు బయటికి పోకూడదని చుట్టూ గట్లు కూడా వేయించాను.

విత్తనాలు బోధన్‌లో కొనలేదు, ఇక్కడి దుకాణంవాడి చూపు నాకు నచ్చదు. మా ఆయనను వెంటబెట్టుకుని నిజామాబాద్ వెళ్లాను. అక్కడ విత్తనాలమ్మే సాహెబు చాలా పెద్దవాడు. ముందుపెట్టిన డబ్బాలోవి కాదు, లోపలి సంచిలోవి తీయమన్నాను. పక్క హోటల్ నుంచి గ్లాసుడు నీళ్లు తెప్పించి, అందులో గింజలు వేసి, తేలినవి అతనికి తిరిగిచ్చాను. మా ఆయన నాకేమీ కానట్టు రోడ్డు మీది జట్కాలను చూస్తూ నిలబడ్డాడు.

"గింత అనుమానముంటే సంసారం ఎట్ల చేస్తున్నవు బేటీ?" అన్నాడు సాహెబు.

"అనుమానంతోనే చేస్తున్న," అన్నాను.

ఆయన నవ్వి, అడగకుండానే చిటికెడు బెండ గింజలు కొసరు వేశాడు. ఊరికే ఎందుకిచ్చాడా అని బస్సులో దారి పొడుగునా ఆలోచించాను.

మా గోడ అవతల కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. కాలువ కింద భూములు కొనుక్కుని, పిల్లల చదువుకని ఊళ్లో ఇల్లు తీసుకున్నారు. నా మళ్లు చూసి ఆ ఇల్లాలు గోడ మీదుగా ఒక గుడ్డ మూట అందించింది.

"మా ఊరి బీర గింజలు వదినగారూ. మూరెడు కాస్తాయి."

"నాకెందుకిస్తున్నవక్కా?"

"నాకు ఒక్క పాదు చాలండి. మిగిలాయి."

మంచి విత్తనం ఎవరికైనా మిగులుతుందా? పెనం మీద కాస్త వేడి చూపిస్తే గింజ చూడ్డానికి బాగానే ఉంటుంది, మొలవదు. ఆమె లోపలికి వెళ్లాక వాసన చూశాను. విత్తనం తీసుకుంటే విత్తనం ఇవ్వాలని మా ఆచారం కాబట్టి మర్నాడు పుంటికూర గింజలు ఇచ్చాను, వాళ్లు గోంగూర అంటారు. ఆమె అటు తిరిగి వాటిని ముక్కు దగ్గర పెట్టుకుంది. కోపం వచ్చింది, కాస్త గౌరవం కూడా కలిగింది.

నా మళ్లలో చోటు దండగ చేయడం ఇష్టంలేక, ఆ బీర గింజలను గోడ మొదట్లో గుచ్చి వదిలేశాను.

ఆ ఏడు వాన తెరిపి ఇవ్వలేదు. నల్లరేగడి నేల, లోతు మళ్లు, చుట్టూ గట్లు. మొలిచిన నారంతా నీళ్లలోనే కుళ్లింది. నేను సాహెబును తిట్టుకున్నాను. అత్తమ్మ బర్రె కోసం ఒక గుంజ, ఒక పలుపుతాడు తెచ్చి పెరట్లో పెట్టింది. గోడ మొదట్లోని బీర మాత్రం బతికి, గోడెక్కి, అవతలికి దిగిపోయింది. వేరు నా దగ్గర, కాయ ఆమె దగ్గర. ఇందుకే ఇచ్చిందన్నమాట అనుకున్నాను.

పెత్రమాస పొద్దున ఆమె రెండు బీరకాయలు పట్టుకొచ్చింది.

"మీ తీగవేనండీ. ఇవాళ కావాలని మీ అత్తగారు మొన్న చెప్పారు."

వీళ్లిద్దరూ ఎప్పుడు మాట్లాడుకుంటున్నారో నాకు తెలియదు. ఒక కాయ కొస కోసి ఉంది.

"చేదేమోనని చూశాను. ఏమీ అనుకోకండి. చేదు లేదు," అందామె.

అత్తమ్మ ముందు పెరట్లోకి నడిచి, తీగను చేత్తో పట్టుకుని వేరు దాకా తడిమి చూసింది. మేమిద్దరం కూడబలుక్కుని అంగడిలో కొన్నామేమోనని. తరువాత కోసిన కాయను పక్కన పెట్టింది. రుచి చూసింది పెద్దలకు పనికిరాదు. రెండోదాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇది చేదైతే?" అన్నాను. ఉండబట్టలేకపోయాను. కొస కోస్తే తెలిసిపోతుంది, కానీ కోయకూడదు. మా ఇంట్లో రుచి చూడకుండా ఎవరికీ ఏదీ ఇచ్చింది లేదు.

అత్తమ్మ ఆ కాయను బియ్యం మీద పెట్టింది.

"చేదైనా మీ మామ ఏమనడు. ఒక్కనాడన్న నా కూరకు వంక పెట్టలే," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమె మొహం చూడబోతే అటు తిప్పుకుంది.

బర్రె రాలేదు. తీగ మీద ఒక కాయను విత్తనానికని ఎండనిచ్చాం. అది ఎండాక పక్కింటామె, నేను గోడ మీద పెట్టి పగలగొట్టి చెరిసగం పంచుకున్నాం. ఆమె తన గింజలు వాసన చూసింది, నేను నావి చూసుకున్నాను.