నాలుగు ప్లేట్ల నలుపు

సియోల్‌లో అచ్చుపనుల షాపులుండే మా ఇన్హ్యోన్ సందుల్లో కాగితం మోసే మూడు చక్రాల బండి నాది. పిల్‌సున్ అక్క షాపు ఇక్కడే రెండో అంతస్తులో ఉంది. ఒక కంప్యూటరు, ఒక బల్ల, ఒక కిటికీ, అంతే. కింద దల్‌సు అన్న ఆఫ్‌సెట్ మెషీను ఉండేది. ఆమె పైన ఫైళ్ళు సరిచేసేది, ఆయన కింద అచ్చు వేసేవాడు. చాలా ఏళ్ళు అలాగే గడిచింది.

అక్క పని చూసేవాళ్ళకు పనిలా కనిపించదు. ఆఫీసుల వాళ్ళు టైపు చేసిన పత్రం తెస్తారు. వాళ్ళ తెర మీద చక్కగానే ఉంటుంది. ఇక్కడ తెరిచేసరికి వాళ్ళ ఫాంటు ఉండదు, వరుసలు జారి తరవాతి పేజీలో పడతాయి. ఫోటో పేజీ అంచు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని అంచు దాటించకపోతే అంచులు కోసే కత్తి పడ్డాక పక్కన తెల్లగీత మిగులుతుంది. అన్నిటికన్నా మొండిది నలుపు. ఆఫీసు ఫైల్లో నల్లగా ఉన్న అక్షరం అచ్చుకు మార్చేటప్పుడు నాలుగు రంగులుగా విడిపోయి, రంగుకొకటి చొప్పున ఉండే నాలుగు అచ్చు ప్లేట్ల మీదికీ ఎక్కుతుంది. అచ్చులో ఒక రంగు వెంట్రుకవాసి పక్కకు జరిగినా చాలు, అక్షరం వెనక గులాబీ నీడ పడుతుంది. అందుకే అక్షరాలు ఒక్క నల్ల ప్లేటు మీదే ఉండాలి.

ప్లేట్లు రాగానే దల్‌సు అన్న నల్లది పక్కన పెట్టి, మిగతా మూడూ వెలుతురుకు తిప్పి చూసేవాడు. వాటిమీద అక్షరం కనపడిందో, మెట్లెక్కి వచ్చేవాడు.

"ఏమే పిల్‌సున్, అక్షరాలకు రంగుబట్టలు కట్టి పంపావు! పెళ్ళికి పోతున్నాయా?"

"నీ మెషీను ముసలి వణుకు వణుకుతోందన్నా. దాన్ని దాచుకోడానికి నా ఫైలు మీద పడతావేం?"

"వణికేది మెషీను కాదు. నీ నోటికి జడిసి నేను."

సందంతా వినపడేది. అక్క సరిచేసి ఇచ్చేది. అప్పటికి పూటకూళ్ళావిడ నెత్తిన పళ్ళెం పెట్టుకుని వచ్చేది. ఇద్దరూ కిమ్చీ పులుసూ అన్నం తింటూ మళ్ళీ అదే గొడవ. అక్క పెళ్ళి చేసుకోలేదు. అన్నకు భార్య ఉంది, మనవరాలుంది. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది పని. దానికి ఇంకో పేరు పెట్టేవాళ్ళు మా సందులో ఎవరూ లేరు.

కిందటి వసంతంలో అన్న మెషీను అమ్మేశాడు. నడుము పనికిరాలేదు. ఊరి ఉత్తరాన ఒక అపార్టుమెంటులో కాపలా పనికి కుదిరాడు. అక్క ఫైళ్ళు ఇప్పుడు నెట్‌లో పాజూ ఊళ్ళోని అచ్చు ఫ్యాక్టరీకి పోతాయి. పుస్తకాలు అట్టపెట్టెల్లో తిరిగొస్తాయి. మధ్యలో ఎవరూ ఫోను చెయ్యరు.

పూటకూళ్ళావిడ కూడా చెప్పేసింది. "ఒక్కదానికోసం ఆ మెట్లెక్కలేనమ్మా. ఇద్దరికైతే తెస్తాను. లేదంటే నువ్వే దిగిరా."

అక్క దిగలేదు. కప్పు నూడుల్స్‌లో వేణ్ణీళ్ళు పోసుకుని బల్ల దగ్గరే తినేది. పుస్తకాల పెట్టె ఇవ్వడానికి నేను పైకి వెళ్ళినప్పుడు ఆమె రెండు ముక్కలు మాట్లాడితే, ఆ గొంతు పొద్దుటినుంచీ వాడనిదని తెలిసిపోయేది.

ఆకులు ఎర్రబడే రోజుల్లో కొండలెక్కే సంఘం ఒకటి తమ పుస్తకం తెచ్చింది. అందరూ రిటైరైన గుమస్తాలు. వాళ్ళ కార్యదర్శి హ్యోన్ గారు చివరి నిమిషంలో ఒక అధ్యాయం మార్చి పంపారు. అక్క అప్పటికే అన్ని పేజీలూ తెర మీద ఒక్కో ప్లేటుగా విడదీసి చూసుకుంది. కొత్త పేజీలు మధ్యలో చేర్చి పంపేసింది. వాటిని విడదీసి చూడలేదు.

పుస్తకాలు సంఘానికి నేనే చేర్చాను. హ్యోన్ గారు మురిసిపోయారు. తన దగ్గర ఉంచుకున్న ప్రతిని అక్క ఆ సాయంత్రం తెరిచింది. నన్ను పిలిచి భూతద్దం చేతికిచ్చింది.

"చూడు తమ్ముడూ."

అక్షరాల వెనక సన్నగా గులాబీ నీడ. ఆ అధ్యాయమంతా.

"అద్దం లేకపోతే నాకు తెలియనే తెలియదక్కా," అన్నాను.

"ఎవరికీ తెలియలేదు. ప్లేటు తీసినవాడికీ, అచ్చు వేసినవాడికీ." ఆమె ఆ పేజీలో ఒక కాగితం ముక్క పెట్టి పుస్తకం మూసింది. "తప్పు జరగడం పెద్ద విషయం కాదు. పట్టుకునేవాడు ఒకడుండాలి. దల్‌సు అన్నకు చూపిస్తాను. తిట్టనీ."

ఆదివారం నేనూ వెంట వెళ్ళాను. అన్నను చూసి నాకూ చాలా రోజులైంది. అపార్టుమెంటు గేటు పక్క చిన్న గదిలో, పార్సిళ్ళ మధ్య, టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచి కాఫీ పొడి పొట్లాలు విప్పాడు. అక్క పుస్తకాన్ని సరిగ్గా ఆ పేజీ దగ్గర తెరిచి ఆయన ముందు పెట్టింది. గదిలో మంచి వెలుతురుంది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, పేజీ దగ్గరగా తెచ్చుకుని చూశాడు.

"బాగుంది. నీ పని ఎప్పుడూ శుభ్రమే."

అక్క ముందుకు వంగింది. "సరిగ్గా చూడన్నా."

"చూశాను కదా. కొండమీద ఆ పూలు భలే వచ్చాయి. మంచి కాగితం."

"అక్షరాలు?"

"అక్షరాలకేం, చక్కగా ఉన్నాయి."

అంతలో ఒకావిడ కిటికీ తట్టింది. "పార్సిల్ వచ్చిందా?" ఆయన పుస్తకం మూసి చటుక్కున లేచాడు. "వచ్చిందండీ, ఇప్పుడే ఇస్తానండీ." దల్‌సు అన్న నోట అన్ని 'అండీ'లు నేనెన్నడూ వినలేదు. అక్క పుస్తకం తీసుకుంది. నీడ సంగతి చెబుతుందేమోనని చూశాను, చెప్పలేదు. మనవరాలి స్కూలు గురించి అడిగింది. కాఫీ పూర్తిగా తాగింది.

తిరుగు రైల్లో అక్క ఫోను తీసింది.

"హ్యోన్ గారూ, పుస్తకాలు పంచకండి... లేదు, మీ తప్పు కాదు, నాది. అక్షరాల వెనక నీడ పడింది... ఆ, మీకు కనపడదు... మీవాళ్ళందరికీ చత్వారమేనా? ఉండనివ్వండి. ఖర్చు నాదే, మళ్ళీ వేయిస్తాను... ఎవరు చూస్తారంటే ఏం చెప్పనండీ, నేను చూశాను కదా."

ఫోను సంచిలో పెట్టి కిటికీ వైపు తిరిగింది. కళ్ళు తెరిచే ఉన్నా, మేము దిగాల్సిన స్టేషను వచ్చిన సంగతి ఆమెకు పట్టలేదు. నేను భుజం తట్టి లేపాల్సి వచ్చింది.