శ్రావణ శుక్రవారం బతికిపోయిన నాయిక

మొన్న ఆదివారం అల్ఫారెట్టా నుంచి మా అన్నయ్య మనవరాలు ఫోన్ చేసింది. కాలేజీలో ఈ సెమిస్టర్ ఒక కోర్సు తీసుకుందట, అమెరికన్ నవలల్లో ఆడవాళ్ళు కాలంతోపాటు ఎలా మారుతూ వచ్చారని. "చిన్న తాతయ్యా, నువ్వు ఇంజనీర్‌వి కదా. నానమ్మేమో ఓల్డ్ నావెల్స్ అన్నీ నువ్వే చదివావు అంటుంది. ఈజ్ దట్ ట్రూ?" అని అడిగింది. చదివిన మాట నిజమే. చదివి ఒక నవలకి నేను చేసిన ద్రోహం కూడా అంతే నిజం. ఆ రెండోది ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. అందుకని ఇలా కాగితం మీద పెడుతున్నాను.

ఎనభైల మొదట్లో నేను మాస్టర్స్ చదవడానికి అమెరికా వచ్చి, ఒహాయోలో నది ఒడ్డున చిన్న ఊళ్ళో ఉండే మా అన్నయ్య ఇంట్లో దిగాను. ఆ ఊరు మొత్తానికి తెలుగువాళ్ళం మేం ముగ్గురమే. అన్నయ్య పొద్దున్నే ప్లాంటుకి వెళ్ళిపోయేవాడు. కారుతోపాటు ఇచ్చిన పుస్తకం తప్ప ఆయన ఇంకో పుస్తకం తెరవగా నేను చూడలేదు. ఇక వదిన. తెలుగులో బి.ఏ. చదివింది. ఇండియాలో మా వీధిలో ఏ ఇద్దరు ఆడవాళ్ళు తగవు పడ్డా తీర్పు చెప్పేది ఆవిడే. అలాంటి మనిషి అమెరికా వచ్చిన రెండేళ్ళలో నోట్లో నాలుక లేనిదానిలా అయిపోయింది. థాంక్యూ, సారీ, నో ప్రాబ్లెమ్, ఈ మూడు ముక్కలతోనే కాపురం చేసేది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టగానే రెండేళ్ళ మాటలూ నామీద గుమ్మరించింది. సూట్‌కేసు విప్పడానికి రెండు రోజులు పట్టింది.

వదిన వారానికోసారి ఊరి లైబ్రరీకి వెళ్ళి పిల్లల బొమ్మల పుస్తకాలు తెచ్చుకునేది. పేజీకి రెండు వాక్యాలే ఉంటాయి కాబట్టి డిక్షనరీ తక్కువ పడుతుందని ఆవిడ లెక్క. ఒకరోజు అక్కడ ఎవరిదో మూడేళ్ళ పిల్ల తల్లి కనబడక ఏడుస్తుంటే, వదిన ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేతిలో ఉన్న బొమ్మల పుస్తకం కథ అచ్చ తెలుగులో చెప్పిందట. పిల్ల ఏడుపు మానేసి చివరిదాకా నోరు తెరుచుకుని విందట. లైబ్రేరియన్ ఇది చూసింది. కళ్ళజోడు గొలుసు మెడలో వేలాడేసుకుని తిరిగే పెద్దావిడ. పిల్లలకి కథలు చెప్పే ఉద్యోగం త్వరలో ఖాళీ అవుతుంది, నీకిస్తాను, కానీ ఇంగ్లీషులో నలుగురి ముందు మాట్లాడగలవని నాకు తెలియాలి, మా ఆడవాళ్ళ నవలల బృందంలో చేరు, అక్కడ నీ మాట వింటాను అంది.

ఆ సాయంత్రం బెండకాయలు తరుగుతూ వదిన నాతో చెప్పింది. "నాకు ఈ పని కావాలి అబ్బాయ్. ఇంతలా ఏదీ కావాలనిపించలేదు. ఇంట్లో గోడలకి కథలు చెప్పి చెప్పి విసుగొచ్చేసింది."

బృందం పదిహేను రోజులకోసారి శనివారం పొద్దున కూడేది. వదిన ప్రతి నవలా పట్టుదలగా మొదలుపెట్టి, నలభయ్యో పేజీకొచ్చేసరికి అలిసిపోయేది. మిగతాది నేను చదివి వంటింట్లో ఆవిడకి చెప్పాలి. ప్రొఫెసర్‌గారి థర్మోడైనమిక్స్ మూలన పడేసి, పట్టు గౌన్ల నాయికలతో, సమ్మెలతో, ఊరంతా వెలేసిన అమ్మాయిలతో నా సాయంత్రాలు గడిచేవి. బృందం పెద్దావిడ, రిటైరైన స్కూలు టీచరు, పాత నవలలతో మొదలుపెట్టి కాలక్రమంలో ఒక్కొక్కటే ఇచ్చేది. రెండు మూడు వినేసరికే వదిన ఒక సిద్ధాంతం తేల్చింది. "పాత పుస్తకాల్లో గీత దాటినదాన్ని రాసేవాడు క్షయ పెట్టి చంపేస్తాడు. తర్వాతి కాలం వాడు కాస్త జాలిపడి పిచ్చాసుపత్రిలో పెడతాడు. మొన్నటి పుస్తకంలో మాత్రం పిల్ల కారెక్కి వెళ్ళిపోయింది. కారు కనిపెట్టినవాడు మహానుభావుడు." తెల్లవాళ్ళింట్లో వంటచేసే నల్లావిడ ఉన్న నవల చెబుతుంటే మధ్యలో ఆపి, "ఆవిడ వీళ్ళ పిల్లల్ని పెంచుతుంటే ఆవిడ పిల్లలకి అన్నం ఎవరు పెడుతున్నారు?" అని అడిగింది. నేను పుస్తకమంతా తిరగేశాను. ఎక్కడా లేదు.

ఇన్ని తెలివైన మాటలు వంటింట్లోనే. బృందంలోకి వెళితే మళ్ళీ నో ప్రాబ్లెమ్. మూడు సమావేశాలు అలాగే అయిపోయాయి. లైబ్రేరియన్ నొచ్చుకుంటూనే, వచ్చేసారి నువ్వు మాట్లాడకపోతే వేరేవాళ్ళని చూసుకోక తప్పదని చెప్పేసింది.

నాలుగోది బట్టల మిల్లు నవల. నాయిక నేతపని చేసే అమ్మాయి, సమ్మె నడిపిస్తుంది, మొగుడు వదిలేస్తాడు, పోలీసులు కొడతారు, చివరి పేజీలో ఏట్లో దూకి చచ్చిపోతుంది. నాలుగు వందల పేజీల దుఃఖం. నేను దాన్ని ముగించేసరికి శుక్రవారం మధ్యాహ్నమైంది. ఆ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం.

తమలపాకులు దొరక్క వదిన ఆపిల్ పళ్ళతోనే కానిచ్చింది. వాయనం తీసుకోవడానికి ముత్తైదువ ఎవరూ లేక పక్కింటి అమెరికన్ ఆవిడకి బొట్టుపెట్టి నానబెట్టిన శనగలు ఒళ్ళో పోస్తే, ఆవిడ వాటిని సూప్ చేసుకుని, బదులుగా సాయంత్రానికి చెర్రీ పళ్ళు కూరి కాల్చిన 'పై' అనే తీపి వంటకం పట్టుకొచ్చింది. ఇల్లంతా బూరెల వాసన. చేతికి తోరం, పట్టుచీర, కాళ్ళకి పసుపు, ముఖం వెలిగిపోతున్న వదిన నా ఎదురుగా కూర్చుని, "ఊఁ, చెప్పు. ఏమైంది ఆ పిల్లకి?" అంది.

పండగపూట, అమ్మవారి ఎదుట, ఆ పిల్ల చచ్చిపోయిందని ఎలా చెప్పను? మా ఇళ్ళలో వ్రత కథలో చచ్చినవాళ్ళు కూడా బతికొస్తారు. నేను కూడా ఆ పిల్లని బతికించేశాను. ఏట్లో దూకింది గానీ ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి చేరింది, తడిబట్టలు పిండుకుంది, ఆ ఊళ్ళో కుట్టుపని పెట్టుకుంది, సమ్మెలో తోటివాళ్ళంతా ఆవిడ దగ్గరికే చేరారు. వదిన కళ్ళు తుడుచుకుని అక్షింతలు నా నెత్తిమీద కూడా వేసింది. పొద్దున్న కారులో అసలు సంగతి చెబుదాంలే అనుకుని బూరెలు తిని పడుకున్నాను.

బూరెలు ఎక్కువయ్యాయి. లేచేసరికి పది. అన్నయ్య వదినని దింపి ఎప్పుడో వచ్చేసి, కారు బానెట్ తెరిచి చూసుకుంటున్నాడు. ఆయన చేతిలోంచి తాళాలు లాక్కుని లైబ్రరీకి కారు పరిగెత్తించాను.

నేను తలుపు తోసేసరికి వదిన నిలబడి మాట్లాడుతోంది. రెండేళ్ళలో మొదటిసారి, ఇంగ్లీషులో, పన్నెండు మంది ముందు. క్రియలు ఎక్కడివక్కడ ఊడిపోతున్నా ఆవిడ ఆగడం లేదు. ఆ అమ్మాయి అవతలి ఒడ్డున బట్టలు పిండుకునే చోట నాకు ఏడుపొచ్చింది, ఈ పుస్తకంలో అదే గొప్ప చోటు అని చెబుతోంది. పన్నెండు మందీ గబగబా చివరి పేజీలు తిప్పుతున్నారు. టీచరమ్మ మెల్లగా అడిగింది, "అది ఏ పేజీలో ఉందమ్మా?"

వదిన చూపు తలుపు దగ్గర నిలబడ్డ నామీద పడింది. నా ముఖంలోనే అంతా కనబడినట్టుంది.

"చచ్చిపోయిందా?" అని తెలుగులో అడిగింది, గది ఈ చివరినుంచి ఆ చివరికి.

"చచ్చిపోయింది వదినా. నిన్న వ్రతం కదా అని..."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ ఉద్యోగం నా బూరెల పాలైందనుకున్నాను. వదిన వాళ్ళవైపు తిరిగి, తోరం ఉన్న చెయ్యి పైకెత్తి చూపించి, నిన్న మా ఇంట్లో పండగ, పండగనాడు మేం కథని చావుతో ముగించం, మా మరిది ఈ పిల్లని కాపాడాడు అని చెప్పింది. ఎవరో నవ్వారు. వదిన నవ్వలేదు. పుస్తకం మొదటి అధ్యాయం తీసింది, తను డిక్షనరీతో స్వయంగా చదువుకున్నది. వేలుపెట్టి చూపించి అంది: "పదేళ్ళ వయసులో ఈ అమ్మాయి ఇదే ఏరు రెండుసార్లు దాటింది, ఇక్కడ రాశారు. ఈత వచ్చినదానికి నీళ్ళలో చేతులు వాటంతటవే ఆడతాయి. ఈవిడ మునగలేదు. రాసినాయన ముంచాడు. సమ్మె చేసినదాన్ని ఏం చేయాలో ఆయనకి తెలియలేదు. మా మరిదికి తెలిసింది."

ఇక చూడాలి. ఒకావిడ కాదంటుంది, ఇంకొకావిడ ముమ్మాటికీ అవునంటుంది. మూలన కూర్చున్న ముసలావిడ, మా అమ్మ అలాంటి మిల్లులోనే సమ్మె చేసింది, తొంభై ఏళ్ళు బతికి మనవలకి స్వెట్టర్లు అల్లి పోయింది, ఆవిడమీద ఎవరూ నవల రాయలేదు అని లేచి నిలబడింది. పన్నెండింటికి ముగియాల్సింది ఒంటిగంటన్నరకి ముగిసింది. మా వీధిలో తీర్పులు చెప్పిన మనిషి మళ్ళీ కనబడింది నాకు. ఆనందం పట్టలేక వార్తాపత్రికల చాటుకెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. బయటికొస్తుంటే లైబ్రేరియన్ వదిన చెయ్యి పట్టుకుని వచ్చే శనివారం నుంచి పిల్లలకోసం రమ్మంది.

కారులో వదిన ఆ నవల ఒళ్ళో పెట్టుకుని చివరి పేజీలు చదువుకుంటూ కూర్చుంది. ఇంటి మలుపు తిరిగాక అంది, "ఇకనుంచి పుస్తకం చివరిదాకా నేనే చదువుతాను. చదివి నీకు నేనే చెబుతాను. నువ్వు నోరు మూసుకుని ఊఁ కొట్టు."

అన్నట్టే చదివింది. ఆ లైబ్రరీలో పదకొండేళ్ళు కథలు చెప్పింది, ఇంట్లో మాకు ఇప్పటికీ చెబుతోంది. నలభై ఏళ్ళు ఎలా గడిచాయని ఎవరైనా అడిగితే నాకు తెలిసిన జవాబు ఒక్కటే: ఊఁ కొడుతూ గడిచాయి.