పెరట్లో పెట్టిన దూలం

మొన్న మా చిన్నమ్మాయి ఇల్లు కట్టిస్తూ, దర్వాజలకు కర్ర చూడాలె, నువ్వు సుత రా అమ్మా అని వెంటపడితే, ఈ మోకాళ్లతో నేను వచ్చి వెలగబెట్టేదేముందని గొణుగుతూనే కరీంనగర్‌లో ఒక టింబర్ డిపోకు పోయాను. అక్కడ రేకుల నీడన ఒక పొడవాటి మొద్దును పడుకోబెట్టి, రెండు చివర్లకూ తడి గోనెసంచులు చుట్టి, ఒకతను పైపుతో నీళ్లు కొడుతున్నాడు. మొక్కకు పోసినట్టు మొద్దుకు పోస్తారా అని మా అల్లుడు నవ్వాడు. ఎండ తగిలితే పగుళ్లు వస్తాయని డిపో ఆయన చెబుతుండగానే ఆ తడి గోనె వాసన నా ముక్కుకు తగిలింది, అక్కడే ఒక దుంగ మీద కూర్చుండిపోయాను. బీపీ ఎక్కువైందనుకుని వాళ్లిద్దరూ పరేషాన్ అయ్యారు గానీ, నాకు వచ్చింది రోగం కాదు, మా బాపు గుర్తుకొచ్చాడు.

మాది పడవ నడిపే ఇల్లు. గోదావరిని మేము గంగ అనేవాళ్లం, ఇప్పటికీ నా నోటికి గోదావరి అని రాదు. ఇవతలి ఒడ్డు కరీంనగర్ జిల్లా, అవతలి ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా, నడుమ వంతెన అన్న మాటే లేని రోజులవి. పెళ్లికూతుళ్లు, బాలింతలు, మేకలు, పత్తి బోరాలు, బడిపంతులు సైకిలు, అన్నీ మా బాపు పడవలోనే దాటాలి. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎండాకాలం గంగ మోకాలి లోతుకు వచ్చి ఇసుక మేటలు తేలేవి, అందుకే మా పడవ అడుగు పళ్లెంలా చదునుగా ఉండేది, నీళ్లు చాలని చోట దిగి ఇసుక మీదుగా లాక్కుపోయేవాళ్లం. అత్తగారింటికి పోయే పిల్ల ఏడుస్తుంటే బాపు గడ వేస్తూ, ‘నడిగంగ దాకనే ఏడువాలె బిడ్డా, గా ఒడ్డు ఎక్కినంక నవ్వాలె’ అనేవాడు. ఆ మాటకు ఎంత ఏడ్చే పిల్లయినా ముక్కు చీదుకుని నవ్వేది.

అలాంటి రోజుల్లో కింద ప్రాజెక్టు కడుతున్నారని, మా ఊరు మునుగుతుందని అన్నారు. ఇంతవరకు నీళ్లు వస్తాయని చెప్పి ఊరి పైభాగాన రాళ్లు పాతి, వాటికి ఎర్ర రంగు పూసి పోయారు. ఊరంతా శోకాలు పెట్టింది. బాపు కూడా ఏడ్చాడు, కాకపోతే అందరూ ఇల్లూ పొలమూ పోతున్నాయని ఏడిస్తే, ఆయన కన్నీళ్లు తుడుచుకుని, అన్ని నీళ్లు వచ్చినంక పడవోనికేం ఫికర్ అన్నాడు. నీళ్లు ఎంత వెడల్పయితే రెండు ఒడ్ల వాళ్లకూ పడవతో అంత పని అని ఆయన లెక్క. నిలువ నీళ్ల మీద గాలి లేస్తే చదును పడవ బోర్లా పడుతుందట, దానికి అడుగున ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే దూలం ఉండాలట. భద్రాచలం వైపు అలాంటి పడవలు చూసి వచ్చాడు. మనిషికి వెన్నుపూస ఎట్లనో పడవకు ఆ దూలం అట్ల అని మాకు తన వీపు తడిమి చూపించాడు. దాని కోసం పాడి బర్రె పోయింది, అమ్మను అవ్వ అనేవాళ్లం, ఆమె కాళ్ల కడియాలు పోయాయి. ఆ పడవ తేలకపోతే మాకు ఇంక బతుకుదెరువు లేదు.

దూలం ఉన్న పడవను చదును పడవలా లాగడం కుదరదు, నేలలో దిగబడుతుంది. నీళ్లు వచ్చే చోటనే కట్టాలి. మా పెరడు ఎర్ర రాళ్లకు చాలా కిందనే ఉంది కాబట్టి గంగే వచ్చి పడవను ఎత్తుకుంటుందని బాపు అక్కడే కట్టించాడు. ఆదిలాబాద్ అడవి వైపు నుంచి పడవలు కట్టే వడ్రంగి, ఒక వడ్ల తాత, నల్లమద్ది మొద్దు తెచ్చి చెక్కాడు. దూలాన్ని దిమ్మెల మీదికి ఎక్కించిన రోజు అవ్వ గంగ నుంచి బిందెడు నీళ్లు తెచ్చి కడిగి, పసుపు కుంకుమ పెట్టింది, బాపు కొబ్బరికాయ కొట్టాడు. ఒకసారి అట్లా పెట్టిన దూలాన్ని గంగ తాకేదాకా జరపకూడదని మా వాళ్ల ఆచారం. చదును పడవను దినాం లాగే ఇంట్లో ఆ ఆచారంతో అప్పటిదాకా ఎవరికీ పని పడలేదు.

వానలు మొదలయ్యేనాటికి దూలం మీద పడవ లేచింది, ఊరు ఊరంతా గూన పెంకలూ దర్వాజలూ బండ్లకెత్తుకుని కొత్తూరికి పోయింది. మొండిగోడల నడుమ మా పడవ ఒక్కటే మిగిలింది. గంగ పెరిగింది, దిగువ పొలాలు మునిగాయి, మా వాడ కింది దాకా వచ్చి ఆగిపోయింది. పై ఊళ్ల పరిహారం తగాదాలు తెగలేదని ఆ ఏడు ప్రాజెక్టు నిండా నింపలేదట. ఆ సంగతి బాపుకు చెప్పినవాళ్లు లేరు. పెరట్లో నిలబడితే నీళ్లు కనబడుతుండేవి. ఆయన పొద్దంతా వాటినే చూస్తూ, రేపు వస్తది, ఎటు పోతది అనేవాడు.

ఒడ్డున ఉన్న పడవను ఎండనివ్వకూడదు. అవ్వా నేనూ కొత్తూరి నుంచి రోజూ నడిచి వచ్చి, కింది నుంచి బిందెలతో నీళ్లు మోసి, దూలానికి కప్పిన గోనెలు తడిపేవాళ్లం. ఏడో తరగతి పరీక్షలప్పుడు కూడా నాకు ఆ పని తప్పలేదు, తిట్టుకుంటూ పోశాను. ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు మళ్లీ పాత గంగ దాకా వెనక్కి పోయాయి, మేము ఎంత మోసినా ఎండ ముందర అది ఏ మూలకు? ఒక మధ్యాహ్నం దూలం టప్పుమని పగిలింది. బాపు ఆ పగులులో వేలు పెట్టి చూసి, గుగ్గిలం కాచి పోశాడు.

బొగ్గుబావిలో కొత్తగా పనికి కుదిరిన మా అన్న అది విని ట్రాక్టరూ దోస్తులనూ వెంటబెట్టుకుని వచ్చాడు. కింద చెక్కలు పరిచి గంగ దాకా లాగుదామన్నాడు. బాపు పడవకు అడ్డంగా నిలబడ్డాడు.

‘దూలం పెట్టినంక గంగే రావాలె. మనం ఎత్తుకపోతే అది పాడె అయితది, పడవ కాదు.’

‘గిట్లనే ఎండవెడితే అయేది పొయిల కట్టెలే, బాపూ,’ అన్నాడు అన్న.

అవ్వ ఏనాడూ బాపు మాటకు ఎదురు చెప్పి ఎరుగదు. ఆ రోజు మాత్రం, ‘నీ మొండితనానికి గంగ రాదు. పోరడు చెప్పినట్టు జర ఇను,’ అన్నది. బాపు వినలేదు. అన్న తిండి తినకుండా ట్రాక్టరు తోలుకుని పోయాడు. నాకు బాపు మీద ఎంత కోపం వచ్చిందంటే రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మరుసటి వానాకాలం నీళ్లు నిజంగానే వచ్చాయి. పొద్దున వాడ ఎక్కి, మధ్యాహ్నానికి మా పెరట్లోకి వచ్చి దిమ్మెలను తాకాయి, దూలాన్ని తాకాయి. అవ్వ దీపం పెట్టింది. కబురు అంది అన్న కూడా వచ్చాడు. కొత్తూరంతా గట్టు మీద నిలబడి చూస్తుండగా బాపు నడుము లోతు నీళ్లలోకి దిగి పడవ పక్కకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. లేచే పడవ ముందు వణుకుతుందట, ఆ వణుకు చూద్దువు రా అని నన్నూ పిలిచి నా చెయ్యి పెట్టించాడు. పడవ వణకలేదు. దిమ్మెల మీద ఆనిన వైపు దూలం ఎంత చీలిందో మాకు ఎన్నడూ కనబడలేదు, ఆ చీలికలోంచి నీళ్లు బుడబుడమని లోపలికి వచ్చాయి. బాపూ అన్నా లోపలికి ఎక్కి బిందెలతో తోడారు. ఎంత తోడుతున్నా లోపలి నీళ్లూ బయటి నీళ్లూ సమానమవుతూ వచ్చాయి. ముందుగా చేతిలోని బిందె వదిలేసింది బాపే. అన్న ఆయన రెక్క పట్టుకుని గట్టుకు తెచ్చాడు. పడవ ఉన్న చోటనే ఉండిపోయి మునిగింది. ఇంటికి పోదాం పా అని అవ్వ అన్నది.

ఆ తరువాత బాపు పడవ ఎక్కలేదు. ఒక జామతోటకు కాపలా కుదిరి, గంగ కనబడని వైపు గుడిసె వేసుకున్నాడు. అప్పుడే లాగి ఉంటే దక్కేదని అన్న బతికినన్నాళ్లూ అన్నాడు, లాగితే ఆ రోజే విరిగేదేమోనని నాకు అనిపిస్తుంది. ఎవరిది నిజమో ఇక తేలదు. పోయే ముందు బాపు ఒక్కటే కోరాడు, ‘నా బూడిద గంగల కలుపకుర్రి.’ మా కులంలో ఎవరూ కోరని కోరిక అది. అన్న ఆ మాట నిలబెట్టాడు.

ఇప్పుడు అక్కడ పెద్ద వంతెన ఉంది. బస్సులో కునుకు తీసే లోపే ఒక జిల్లా పోయి ఇంకో జిల్లా వస్తుంది, దండం పెట్టుకుందామంటే కూడా ఆగదు. కింద ఏడాది పొడవునా నీళ్లు. మొన్నటి సెలవుల్లో అన్న మనవళ్లను అక్కడి టికెట్టు పడవ ఎక్కిస్తే భయపడి గుక్కపట్టి ఏడ్చారు, దించేదాకా ఊరుకోలేదు. మోకాలి లోతు గంగను నమ్ముకుని మా తాతముత్తాతలంతా బతికారు. అవతలి ఒడ్డు కనబడనన్ని నీళ్లున్న ఈనాడు మా ఇంట్లో ఈత వచ్చినవాడు ఒక్కడూ లేడు.