లైన్‌మేన్ మామ అడిగే మూడో లైటు

ఆదివారం ఉదయం ఫోన్ మోగింది. తిరుత్తణి నుంచి మామ నంబరు. కాసేపాగి మాట్లాడదాంలే అనుకున్నాను. మళ్ళీ మోగితే ఎత్తాను. ఆయన చెల్లెలు. "అన్న పోయినాడు పాపా. నిద్దట్లోనే," అంది.

టెలిఫోన్ లైన్లు చూసే పని చేసి రిటైరైన మనిషి. తిరువళ్లూరులో మా వీధికంతా లైన్‌మేన్ మామ.

నా ఒక కాలు పోలియోది. కొన్నేళ్ళ కిందట, అమ్మ పోయాక ఒంటరిగా ఉంటున్న నాకు, ఎన్నో చోట్ల అడగ్గా ఇంట్లోంచి చేసుకునే ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి. ఆఫీసువాళ్ళు పంపిన లాప్‌టాప్‌లో నెట్ రాలేదు. మా మోడెమ్ బ్రిడ్జ్ పద్ధతిలో ఉంది. అంటే అది లైను అందిస్తుందంతే, పాస్‌వర్డ్ ఇచ్చి కలుపుకోవాల్సింది కంప్యూటరే. ఆఫీసు లాప్‌టాప్‌లో నేను ఏదీ మార్చడానికి లేదు. ఫిర్యాదు చేస్తే వారం పడుతుందన్నారు. అప్పటికే తిరుత్తణికి మారిపోయిన మామకు చెప్పుకున్నాను. కనకమ్మ సత్రం దగ్గర బస్సు చెడిపోతే ఇంకో బస్సు పట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చారు.

మోడెమ్ సెట్టింగుల పేజీ తెరిపించారు గానీ, కీబోర్డు మాత్రం ముట్టలేదు.

"నువ్వే కొట్టు పాపా. నేను చేసిపెట్టి పోతే, రేపు చెడిపోయినప్పుడు నన్ను యాడ వెతుకుతావు?"

బ్రిడ్జ్ తీసి రౌటింగ్ పెట్టించారు. ఇక మోడెమే పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని తనంతట తాను కలుపుకుంటుందన్నారు. మొదటిసారి కలవలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పాస్‌వర్డ్‌లో చిన్న 'ఎస్' ఉండాల్సిన చోట నేను పెద్దది కొట్టానని చూపించారు. దిద్ది, మోడెమ్ ఆపి మళ్ళీ వేశాను. అంతవరకూ ఎన్నడూ వెలగని మూడో లైటు పచ్చగా వెలిగింది. సోమవారం ఉద్యోగంలో చేరాను. ఇప్పటికీ అదే ఉద్యోగం.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు. మూడో లైటు వెలుగుతోందా అని అడిగేవారు. వెలుగుతోంది మామా, అని పెట్టేసేదాన్ని. పోయినేడు ఫైబర్ వేయించుకున్నాను, పాత మోడెమ్ అటకెక్కింది. ఆ సంగతి చెప్పలేదు. చెబితే ఆయనకు అడగడానికి ఏం మిగులుతుందని జాలిపడ్డాననుకున్నాను. నిజానికి, ఆ ఒక్క మాటతో ఫోన్ తెమిలిపోతుందని కూడా.

ఈ మధ్యనే ఒకసారి, "తిరుత్తణికి వొచ్చిపో పాపా. పనేం లేదు, ఊరికే మాట్లాడుకుందాం," అన్నారు. కాలు నొప్పని చెప్పాను.

కబురందిన ఆ ఆదివారం అదే కాలితో బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. ఇల్లు కడుగుతున్న చెల్లెలు తడి చేతులతోనే నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. అక్కడ ఎదురెదురుగా రెండు వైరు కుర్చీలున్నాయి. ఒకదాని అల్లిక బాగా సాగి కిందికి దిగిపోయింది.

"పాప వొస్తే కింద కూచోలేదని రెండోది తెచ్చి పెట్టినాడు," అంది.

దాని కాళ్ళకు అంగడివాళ్ళు చుట్టిన కాగితం ఇంకా విప్పలేదు.