పేలని ట్రాన్సిస్టర్

అమెరికాలోని చాండ్లర్‌లో, మోటార్లు నడిపే ఇన్వర్టర్లు తయారుచేసే చిన్న కంపెనీలో చేరిన రెండో వేసవి అది. ఇన్వర్టర్‌లోని పవర్ ట్రాన్సిస్టర్లను ఆన్, ఆఫ్ చేసే బోర్డును గేట్ డ్రైవర్ అంటారు. ఎక్కడైనా షార్ట్ అయితే ట్రాన్సిస్టర్ కాలిపోకముందే ఆపేయాల్సిందీ ఆ బోర్డే. అందుకు దొరికే వ్యవధి సెకనులో లక్షో వంతు.

నేను చేసిన బోర్డుకు అనుమానం ఎక్కువ. ఏ షార్టూ లేకుండానే రోజుకు పదిసార్లు మోటార్‌ను ఆపేసేది. షార్ట్ అని తేల్చే ముందు అది ఇంకాస్త ఆగేలా చెయ్యమన్నాడు మేనేజర్. ఒక కెపాసిటర్ మారిస్తే అయిపోయే పని. మార్చాను. మోటార్ హాయిగా తిరిగింది.

మర్నాడు అసలు పరీక్ష. కావాలని షార్ట్ చేసి చూడాలి. ప్లాస్టిక్ షీల్డ్ వెనక నిలబడి బటన్ నొక్కాను. ట్రాన్సిస్టర్ ఢామ్మని పేలింది. ల్యాబ్ అంతా కాలిన వాసన.

పక్క బెంచీ దగ్గర పనిచేసే పెద్దాయన లేచి వచ్చారు. డెబ్బైల దశకంలో గుంటూరు నుంచి ఈ దేశం వచ్చిన మనిషి, ఏడాదిలో రిటైర్ కాబోతున్నారు.

"ఎంతసేపు వెయిట్ చేయిస్తున్నావమ్మా దాన్ని?"

"ముందుకంటే డబుల్ సార్."

"ఆలోపు కాలిపోదూ? అసలు ఊరికే ఎందుకు ట్రిప్ అవుతోందో చెక్ చేశావా?"

"లేదు సార్." ఆ మాట అనడానికి సిగ్గేసింది.

ఆయన తిట్టలేదు. వోల్టేజ్ ఎగుడుదిగుళ్లను తెర మీద గీతగా చూపించే తన స్కోప్ తెచ్చి నా బెంచీ మీద పెట్టి వెళ్లిపోయారు.

కొత్త ట్రాన్సిస్టర్ బిగించి, రెండు రోజులు ఆ స్కోప్ ముందే కూర్చున్నాను. ట్రాన్సిస్టర్ వోల్టేజ్‌ను బోర్డుకు తెలియజేసే సన్న వైరు, జానెడు పొడవున మోటార్ కేబుల్‌ను ఆనుకుని ఉంది. కేబుల్‌లోని అలజడి వైరులోకి పాకుతుంటే, బోర్డు దాన్నే షార్ట్ అనుకుంటోంది. వైరును అంగుళానికి కత్తిరించి దూరంగా మళ్లించాను. పాత కెపాసిటర్ తిరిగి పెట్టాను. ఆ పూటంతా మోటార్ ఒక్కసారీ ఆగలేదు.

లంచ్ తర్వాత మళ్లీ షార్ట్ చేస్తానంటే మేనేజర్, పెద్దాయన ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. బటన్ నొక్కాను. చప్పుడు లేదు. ఫాల్ట్ లైట్ ఎర్రగా వెలిగింది. షార్ట్ తీసి రీసెట్ చేస్తే మోటార్ మామూలుగా తిరిగింది.

"మళ్లీ చెయ్యమ్మా," అన్నారాయన.

ఇరవైసార్లు చేశాం. అదే ట్రాన్సిస్టర్, ఒక్కసారీ పేలలేదు.

"రిపోర్ట్‌లో పేలిన సంగతి కూడా రాయి. తర్వాత వచ్చేవాళ్లకి అదే యూజ్ అవుతుంది," అని తన బెంచీకి వెళ్లిపోయారు. దాచకుండా అంతా రాశాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, పప్పూ అన్నం వండుకుని రెండుసార్లు వడ్డించుకున్నాను.